రబ్బరు గొట్టం కడిగిన నీళ్లు

ఆ పొద్దున ఆకాశం తుడిచీ తుడవని పలకలా ఉంది. మబ్బు పట్టిందనడానికి లేదు, పట్టలేదనడానికీ లేదు. ఎక్కడా ఒక అంచంటూ కనపడకుండా ఒకే బూడిద రంగు ఇళ్ల కప్పుల దాకా దిగి కూర్చుంది. వాన తెచ్చే గాలి కాదది. ఎండ వచ్చే సూచనా లేదు. కరెంటు తీగల మీద పక్షులు ఎగరాలా వద్దా అని తేల్చుకోలేనట్టు ఒదిగి కూర్చున్నాయి.

ఆమె చెత్తబుట్ట ముందు నిలబడి ఉంది. అందరికన్నా ముందు ప్రయోగశాలకు వచ్చి తలుపు తీసిన ఆమెకు, బుట్టలో నలిగిన నల్లకాగితం చుట్ట ఒకటి కనపడింది. దానికి తన చేత్తో అంటించిన చీటీ ఇంకా ఊడిపోలేదు. ‘కడగనిది’ అని ఉంది. ఆ కాగితంలో ఉండాల్సిన గాజు నాళిక మాత్రం పక్కగదిలో, ఆమె బావ బల్ల మీద, పగిలిన మెడ అతుక్కుని, తళతళలాడుతూ నిలబడి ఉంది. బావ దాన్ని నోటితో ఊది అతికించాడు. ఆమె ఆ బుట్ట ముందే ఉండిపోయింది.

ఆ ప్రయోగశాలలో పనంతా వెలుతురుతోనే. అందుకే అక్కడివాళ్లకు వెలుతురంటే అంత జంకు. వేళ కాని వేళ ఒక గీత వెలుతురు పడినా సరుకు పాడవుతుంది. కాబట్టి ప్రతి నాళికకూ నల్లకాగితం చుడతారు. చీకటిగదిలో మసక ఎర్రదీపం ఒక్కటే వెలుగుతుంది. ఆ ఎర్రటి మసకలో గాజు మీది రాత కంటికి ఆనదు. అందుకని రాయాల్సిందేదో చీటీ మీద రాసి కాగితానికి అంటిస్తారు. బిడ్డను వదిలేసి ఉయ్యాలకు పేరు పెట్టడం లాంటి పని. ఏళ్ల తరబడి అలాగే జరిగిపోతోంది గనుక అందులో వింత ఎవరికీ తోచలేదు. కాగితం తీసేశాక ఆ నాళిక ఏదో, అందులో ఏముండేదో, కడిగారో లేదో చెప్పే నాథుడు ఉండడు. లోపల నాలుగు చుక్కలు మిగిలున్నా నీళ్లలాగే ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు.

నిన్న ఆమె ఆ నాళికను బావ దగ్గరికి పట్టుకెళ్లింది. చీలిక ఎంత లోతుందో కిటికీ వెలుతురులో చూపించడానికి కాగితం విప్పింది. అంతలో పెద్దసారు పిలిచారని కబురొచ్చింది. ఇది ఇక్కడే ఉండనీ, కడిగి ఇస్తాను అని చెప్పాలనుకుంది. చెప్పిందో, చెప్పాననుకుని పరుగెత్తిందో, ఇప్పుడెంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు. కడగని గాజు ప్రయోగశాల గడప దాటకూడదన్నది అక్కడి కట్టుబాటు. బావ దాన్ని నమ్మాడు. మరదలి పని ఆగిపోతుందని ఇంటికి వెళ్లే ముందే మంట వెలిగించి అతికించాడు. బల్ల తుడిచి, కాగితాన్ని దాని మీది చీటీ చదవకుండానే నలిపి ప్రయోగశాల బుట్టలో పడేశాడు.

ఆమె బావను అక్కడ అందరూ ఊపిరాయన అంటారు. గాజు ఊదడం ఆయన పని. రబ్బరు గొట్టం ఒక కొసను నాళికకు తొడిగి, రెండో కొసను పెదవుల మధ్య పెట్టుకుంటాడు. మంటలో గాజు ఎర్రబడి మెత్తబడగానే బుగ్గలు కదలకుండా ఊదుతాడు. ఉబ్బు ఎక్కువైతే కొంచెం వెనక్కి పీలుస్తాడు. ఆ పీల్చడమే ఇప్పుడు ఆమె గుండెల్లో ముల్లులా కదులుతోంది.

నాళికలో ఉండిన దానికి పుస్తకాల్లో బారెడు పేరుంది. పనివాళ్లు దాన్ని అతిథి అంటారు. దానికొక ఇల్లు ఉంది. అది అణువులతో కట్టిన గిన్నె. పైనా కిందా కోసేసిన గుమ్మడికాయలా ఉంటుంది, కాకపోతే కంటికి కనపడదు. అతిథి అందులో దూరి కూర్చుంటుంది. వెలుతురు పడగానే పక్కనున్న రంగు అణువు ఒక ఎలక్ట్రాన్‌ను దాని చేతిలో పెడుతుంది. అది అందుకోగానే అంతదాకా రంగే లేని అతిథికి రంగు పుడుతుంది. బయట ఒంటరిగా ఉంటే నిండు నీలం. గిన్నెలో రెండేసి ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటే ఊదా. గాలి తగిలిందా, ఆ ఎలక్ట్రాన్‌ను గాలి లాక్కుపోతుంది, రంగు చచ్చిపోతుంది. ఆ ఎలక్ట్రాన్ వెనక్కి పరుగెత్తకుండా గిన్నె ఎంతసేపు ఆపగలదో తెలుసుకోవడంలోనే ఆమె వయసు సగం కరిగిపోయింది.

ఆ అతిథినే పొలాల్లో గడ్డిమందు అంటారు. ఆకు మీద పడి ఎండ తగిలిందంటే అక్కడా అది చేసేది ఇదే పని. ఎలక్ట్రాన్ అందుకుంటుంది, గాలికి ఇస్తుంది, మళ్లీ చెయ్యి చాస్తుంది. ఇచ్చిన ప్రతిసారీ ఆ గాలి నిప్పులాంటిదై ఆకును లోపలినుంచి కాల్చేస్తుంది. మనిషి ఒంట్లోకి పోతే దానికి ఎండ కూడా అక్కర్లేదు. వెతుక్కుంటూ వెళ్లి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. గాలికి కొదవ లేని చోటు అది. ఇక దానికి విరుగుడంటూ ఏ ఆసుపత్రిలోనూ లేదు.

ఒక్క ఆశ మిగిలింది ఆమెకు. ఆ రోజు ఆమె రెండు రకాల నాళికలు పెట్టింది. కొన్నింట్లో అతిథి గిన్నెలో ఉంది, కొన్నింట్లో విడిగా ఉంది. పగిలింది ఏ రకమో చీటీ చెప్పదు. గిన్నెలోది అయితే గిన్నె దాన్ని అంత తేలిగ్గా వదలదు. బావ కడుపులోకి పోయినా బంధించిన దొంగలాగే పోతుంది. విడిగా ఉన్నది అయితే మాత్రం ఇంకేమీ అనుకోవడానికి లేదు.

అతికించిన నాళికను చూసి లాభం లేదు. మంటకు ఉన్నదంతా కాలిపోయి ఉంటుంది. మిగిలింది రబ్బరు గొట్టం.

ఆమె పక్కగదిలోకి వెళ్లేసరికి బావ చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. గుమ్మంలోనే వేళాకోళం మొదలెట్టాడు.

“ఏం గబ్బిలం, పొద్దున్నే నా గూట్లో వాలావు? చీకటి అయిపోయిందా మీ దగ్గర?”

ఆమె నవ్వాలని చూసింది. నిన్నటి నాళిక బాగా కుదిరిందని చెప్పి, ఎలా అతికించావని అడిగింది. ఆయన సంబరంగా చెప్పుకుపోయాడు. మెడ దగ్గర గాజు పలచనట. మొదటిసారి మాట విన్లేదట. ఉబ్బిపోతే రెండుమూడుసార్లు వెనక్కి పీల్చి దారికి తెచ్చాడట. ఆ మాట వింటున్నంతసేపూ ఆమె ఆయన పెదవులవైపే చూస్తోంది.

“ఆ రబ్బరు గొట్టం ఒకసారి ఇస్తావా బావా?”

“దానికేం రోగం?”

“ఊరికే, చూడాలి.”

“చివరికి నా ఎంగిలి మీద కూడా పరిశోధన మొదలుపెట్టారా మీ పెద్దసారు? మీ అక్కకు చెప్పాలి. ఇన్నాళ్లకు నాకూ ఒక విలువ వచ్చిందని సంతోషిస్తుంది.”

గొట్టం చేతిలో పెట్టి, తనకు ఇంకోటి ఉందిలే అని సొరుగు లాగాడు. ఆమెకు చెప్పాలనిపించింది. నోరు తెరిచింది కూడా. ఊదా వస్తే, అంటే గిన్నెలోదే అయితే, ఇదంతా నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు కదా అని ఒక ఆలోచన అడ్డుపడింది. ముందే చెప్పి మనిషిని బెదరగొట్టడం దేనికి? భయం ఎంత తెలివైనదంటే, అది ఓపిక వేషం వేసుకుని వస్తుంది. ఆమె గొట్టం పట్టుకుని చీకటిగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

గొట్టంలో కాసిని నీళ్లు పోసి అటూ ఇటూ ఆడించి, వేళ్లతో పిండి సన్నని నాళికలోకి దించింది. వెలుతురును పట్టే నారింజ రంగు మందు ఒక చుక్క వేసింది. ఆ రంగుకు ఎలక్ట్రాన్లు అందించే ఉప్పు వేసింది. పొడుగాటి సూది దించి, లోపలి గాలిని తరిమెయ్యడానికి నత్రజనిని బుడగలుగా వదిలింది. రోజూ చేసే పనే. ఇవాళ మాత్రం సూది అంచుకు తగిలి టకటకమంటోంది.

గోడ అవతల మంట బుసకొట్టడం మొదలైంది. బావ పనిలో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ గోడలోంచి వచ్చే చప్పుళ్లను ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ చెవిలో పడుతోంది. ఊదాడు. ఆగాడు. మళ్లీ ఊదాడు. మధ్యలో ఎక్కడైనా ఆయాసం ఉందా, గరగర ఉందా అని బుడగల చప్పుడు పక్కకు నెట్టి వింటోంది. ఏమీ లేదు. ఎప్పటిలాగే నిబ్బరమైన ఊపిరి. ఆ నిబ్బరమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఈ మందు పని మొదట్లో కనపడదని ఆమెకు తెలుసు.

నాళిక మూతి బిగించి దీపం ముందు నిలబెట్టింది. మీట నొక్కింది.

తెల్లటి వెలుతురు సన్నటి దూలంలా వచ్చి నారింజ నీళ్లలో దిగింది. ఏమీ కాలేదు. ఇంకా ఏమీ కాలేదు. ఆమె ఊపిరి వదిలింది. గొట్టంలో అసలేమీ లేదు, చుక్కలన్నీ నాళికలోనే ఉండి మంటకు పోయాయి, అంతే, అనుకుంది. ఒక్కసారిగా ఆకలి కూడా తెలిసింది. రాత్రి సరిగా తినలేదని గుర్తొచ్చింది.

అప్పుడు నారింజ మసకబారింది.

ఊదా కలిస్తే అది ఎర్రగోధుమకు తిరగాలి. ఎన్నోసార్లు చూసిందామె, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇది అటు తిరగలేదు. దూలం తగిలిన చోట ముందు బురదపచ్చ కట్టింది. ఆ పచ్చ చిక్కబడి, అంచుల్లోంచి నీలం లేచింది. ఆమె నాళికను కొంచెం పక్కకు తిప్పింది, తన కన్ను మోసం చేస్తోందేమోనని. తిప్పినా నీలమే. ఇన్నేళ్లూ ఆ నీలం కనపడితే పండగ చేసుకున్న మనిషి, ఇప్పుడు దాన్ని వెనక్కి వెళ్లిపొమ్మని మనసులో బతిమాలింది.

చివరి ఆశగా మూత తీసింది. వేరే ఏదైనా మురికి వల్ల వచ్చిన రంగైతే గాలి తగిలినా నిలుస్తుంది. గాలి లోపలికి దిగింది. పైనుంచి కిందికి, తెర దించినట్టు నీలం పోయింది. మిగిలింది నారింజ నీళ్లు. బావ ఛాతీలో జరుగుతున్నదీ ఇదే. అక్కడ తేడా ఏమిటంటే, మూత తీసేవాళ్లు లేకుండానే జరుగుతుంది, ఊపిరి తీసిన ప్రతిసారీ జరుగుతుంది.

“ఎక్కడివమ్మా ఆ నీళ్లు?”

పెద్దసారు వెనకే నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఆరిపోయిన నీలం వైపు చూస్తున్నారు. అబద్ధమాడే ఓపిక ఆమెలో లేదు. నల్లకాగితం నుంచి రబ్బరు గొట్టం దాకా మొత్తం చెప్పేసింది. అంతా విని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“అతనెక్కడ?”

“పక్కగదిలో, పని చేసుకుంటున్నాడు సార్.”

“చెప్పావా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“నిజమేమిటో తేల్చుకుందామని దీపం వేశావు. ముందు అతన్ని ఆసుపత్రికి పంపాల్సింది. దీపం తర్వాత వేసుకోవచ్చు, సాయంత్రమైనా వేసుకోవచ్చు.” కోప్పడే గొంతు కాదది. కోప్పడి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

ఆయనే ఫోను తీశారు. అవతలి డాక్టరు ఎంత మింగాడని అడిగాడు. ఎవరికీ తెలియదన్నారు. ఎప్పుడని అడిగాడు. నిన్న సాయంత్రం అన్నారు. బండి పంపిస్తున్నామని, దారి దూరం కాబట్టి కాస్త ఆలస్యమవుతుందని, మనిషిని అనవసరంగా తిరగనివ్వద్దని చెప్పి పెట్టేశాడు.

అప్పుడామె బీరువా తెరిచింది. గిన్నె పొడి ఉన్న తెల్లసీసా తీసి పట్టుకుంది. ఏడాది కష్టపడి చేసిన పొడి అది.

“సార్, ఇది ఉంది కదా మన దగ్గర.”

ఆయనకు అర్థమైంది. వెంటనే వద్దన్నారు. ఆమె వాదించింది. ఈ గిన్నె దాన్ని ఎలా పట్టుకుంటుందో మీకన్నా బాగా ఎవరికి తెలుసు అంది. విడిగా తిరుగుతున్న దాన్ని ఇది వెళ్లి చుట్టేస్తుంది, ఒంట్లోనే బంధిస్తుంది, ఎలుకల్లో బంధించిందని మీరే చదివి చెప్పారు అంది. ఆమె గొంతు పెరిగేకొద్దీ ఆయన గొంతు తగ్గింది.

“గాజులో ఏం చేస్తుందో తెలుసు. మనిషి కడుపులో ఏం చేస్తుందో నాకు తెలియదు, నీకూ తెలియదు.”

“తెలియదని చూస్తూ కూర్చోమంటారా?”

“ఊదా వస్తుందని ఇందాక నువ్వు ఎంత గట్టిగా నమ్మావో గుర్తుందా? ఆ నమ్మకంతోనే కదా ఇంత పొద్దు పోగొట్టావు. మళ్లీ అలాంటి నమ్మకాన్నే అతని చేత తాగిస్తావా?”

గది నిశ్శబ్దమైపోయింది. మరీ నిశ్శబ్దమైపోయిందని అప్పుడు తట్టింది ఇద్దరికీ. గోడ అవతల మంట చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు.

తలుపు దగ్గర బావ నిలబడి ఉన్నాడు.

“మీరు మాట్లాడుకునేది నా కడుపు గురించేనా? నాకూ కాస్త చెబితే నేనూ వింటాను.”

ఆమే చెప్పింది. పెద్దసారు చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి తనే చెప్పింది. కాగితం నేను తీశాను బావా, కడగలేదు బావా, అంది. పెద్ద మాటలేవీ వాడలేదు. గడ్డిమందు అనగానే ఆయన కనుబొమ్మలు కొంచెం కదిలాయి. ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పాల్సిన పని లేని మనిషి ఆయన. చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు, కాలిన మచ్చలతో గట్టిపడిన వేళ్ల వైపు. తర్వాత మొదట అడిగింది వేరే సంగతి.

“మీ అక్కకు తెలుసా?”

“లేదు.”

“మంచిది. నేను చెప్పేదాకా చెప్పకు.” సీసా వైపు చూశాడు. “నీ గిన్నె దాన్ని పట్టుకుంటుందా?”

“గాజులో పట్టుకుంటుంది బావా. పట్టుకుంటే వదలదు.”

“నాలో?”

ఆమె పెద్దసారు వైపు చూడలేదు. “తెలియదు.”

“సార్, మీరేమంటారు?”

“నాకూ తెలియదు,” అన్నారు పెద్దసారు. “మంచే చెయ్యొచ్చు. ఇంకో చెడు తెచ్చిపెట్టనూ వచ్చు. ఇవ్వడానికి నాకు హక్కు లేదు.”

బావ తల ఊపాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు, ఆ ఒక్కటైనా నమ్మొచ్చు అన్నాడు. బండి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుందని విని, అయితే అన్నం తిందామన్నాడు. మీ అక్క ఇద్దరికీ కలిపి కట్టింది, పారేస్తే నన్ను ఏ మందూ కాపాడలేదు అన్నాడు. తినడానికి ఇంకా వేళ కాలేదన్న మాట ఎవరూ ఎత్తలేదు.

గాజు ఊదే బల్ల మీద నాళికలన్నీ పక్కకు జరిపి చోటు చేశాడు. క్యారియర్ గిన్నెలు విప్పి ముగ్గురి ముందూ పెట్టాడు. పెద్దసారు ఆ గదిలో ఎప్పుడూ తినలేదు. ఆయన కూడా చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. చేతిలోని సీసాను ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె బల్ల మధ్యలో, పెద్దసారు పక్కన పెట్టింది.

కిటికీలోంచి అదే బూడిద వెలుతురు. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. ముద్దను నెమ్మదిగా ఎడమ బుగ్గకు తోసుకున్నాడు. కళ్లు ఒక్క లిప్త మూసుకుని, మింగాడు. పెదవి తడుపుకున్నప్పుడు నాలుక కొస మీద, గడ్డిమందు కాల్చిన గుర్తుగా, తెల్లటి పొక్కు కనపడింది. ఆమె చూసింది. పెద్దసారు చూశారు. వాళ్లు చూశారని బావ కూడా చూశాడు. ఆమె తన ముందున్నది కలుపుకుంది. ఆయన చూస్తున్నాడని ముద్ద తర్వాత ముద్ద లోపలికి తోసింది.

సగం తిన్నాక బావ లేచాడు. గూట్లోంచి తాను ఊదిన గాజు గ్లాసు ఒకటి తీసి, కుళాయి కింద రెండుసార్లు కడిగి, వెలుతురుకు ఎత్తి చూసి, సగానికి నీళ్లు పట్టాడు. తెచ్చి, సీసా వైపు ఒకసారి చూసి, ఆమె ముందు పెట్టాడు. వచ్చి తన చోట కూర్చుని, మళ్లీ ఎడమ బుగ్గతో తినసాగాడు.

ఆమె గ్లాసు వైపు చూసింది. సీసా వైపు చూసింది. పెద్దసారు ఎడమ చెయ్యి బల్ల మీద నెమ్మదిగా జరుగుతూ వచ్చి సీసా మూత మీద ఆగింది. తియ్యడానికో, తియ్యనివ్వకుండా ఉండడానికో ఆ చేతిని బట్టి తెలియడం లేదు. ఆయన కూడా కిందికి చూస్తూ తింటూనే ఉన్నారు.